చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా ప్రచారం: చదువుకుంటూనే చేసుకోగల స్వయం ఉపాధి

వార్షికోత్సవ సంచికలో కవితలు, జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. మేము ఒక పని గురించి పాఠంలాగా రాస్తున్నాం. మేమూ ఇదే హాస్టల్ భోజనం తిని చదివి, ఇరవై మూడేళ్లకు పీజీలోకి వచ్చినవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి తరం మేమే. అమ్మానాన్నలు కూలికి వెళ్లి పంపే డబ్బు మీద భారం తగ్గాలని గదిలో ఉండేవాళ్లం కలిసి ఈ పని మొదలుపెట్టాం. పోటీ పరీక్షలకు చదివే రెండు మూడేళ్లు ఎలా గడపాలన్న ప్రశ్న మనలో చాలామందికి ఉంది. దానికి ఇదొక్కటే జవాబని చెప్పం. ఇదీ ఒక జవాబు.

ఈ పని అంటే ఏమిటి?

ఊళ్లో ఒక టిఫిన్ సెంటర్, ఒక టైలరింగ్ షాపు, ఒక పచ్చళ్ల తయారీదారు ఉన్నారనుకుందాం. వాళ్లు తెల్లవారింది మొదలు రాత్రి దాకా పనిలోనే ఉంటారు. తమ సరుకు గురించి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, గూగుల్ మ్యాప్స్‌లలో చెప్పుకొనే తీరిక గానీ, అలవాటు గానీ ఉండదు. ఆ పని మనం నెలకు ఇంతని తీసుకొని చేసిపెట్టడమే సోషల్ మీడియా నిర్వహణ. ఫోటోలు, చిన్న వీడియోలు తీయడం, నాలుగు ముక్కలు తెలుగులో రాయడం, వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వడం, అవసరమైతే డబ్బు కట్టి ప్రకటన ఇవ్వడం, నెలాఖరున లెక్క చూపడం ఇందులో భాగాలు. ఒకే యజమాని దగ్గర జీతానికి కాకుండా నలుగురైదుగురికి విడివిడిగా చేస్తాం కాబట్టి దీన్ని ఫ్రీలాన్స్ పని అంటారు.

ప్రచారం మన జిల్లాకు కొత్త కాదు

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కొత్త మందు పేరు జనానికి తెలియాలి కదా! సంగీత కచేరీలకు వచ్చినవారికి దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవాళ్లే తర్వాత కొనుగోలుదారులయ్యారు. అలా వచ్చిన సంపాదనతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. జనం ఎక్కడ కూడుతారో అక్కడికి వెళ్లడం, ముందు ఉపయోగం చూపించి తర్వాత అమ్మడం అనే రెండు సూత్రాలు ఆనాటివే. ఈనాటికీ అవే పనికొస్తాయి.

మారింది జనం కూడే చోటు. ఒకప్పుడు గోడ మీద రాతలు, సినిమా హాలులో స్లయిడు, ఆటోకు కట్టిన మైకు, కేబుల్ టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు ప్రచార సాధనాలు. 2016లో జియో రావడంతో ఇంటర్నెట్ చౌకయింది. అదే ఏడాది యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. దీంతో పెద్ద కంపెనీకే సాధ్యమైన ప్రచారం వీధి చివరి కొట్టుకూ అందుబాటులోకి వచ్చింది.

ఎవరికి చేయాలి?

బెజవాడ వ్యాపారాల ఊరు. వన్‌టౌన్‌లో టోకు బట్టల దుకాణాలు, బీసెంట్ రోడ్డులో చిల్లర దుకాణాలు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, విడిభాగాల షాపులు ఉన్నాయి. నగరం దాటితే కొండపల్లి బొమ్మలు, పెడన కలంకారీ, బందరు లడ్డు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, నూజివీడు మామిడి, కైకలూరు వైపు చేపల చెరువులు. వీటిలో చాలావాటికి పేరుంది. ఆ పేరును ఫోనులో చూపించే మనిషి లేడు.

ఇలాంటి చోట్ల చెప్పడానికి విషయం దండిగా ఉంటుంది. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతుకుతారు. పెడనలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి, చెక్క అచ్చులతో అద్దకం వేస్తారు. బందరు లడ్డు పిండిని రోట్లో దంచుతారు కాబట్టే దాన్ని తొక్కుడు లడ్డు అంటారు. ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ ముప్పై సెకన్ల వీడియోలుగా తీయదగినవి. 'మా సరుకు నాణ్యమైనది' అని పదిసార్లు రాసేకన్నా రోకలి పోటు ఒక్కసారి చూపిస్తే నమ్మకం కలుగుతుంది.

మొదట మనకు తెలిసిన రంగంలో దిగడం మేలు. నాన్న తాపీ పని చేస్తే సిమెంటు, టైల్స్ దుకాణాలు, అమ్మ మిషను కుడితే టైలరింగ్ షాపులు మనకు సులువుగా అర్థమవుతాయి. ఆ పనుల్లోని మాటలు పుస్తకాల్లో దొరకవు, మన ఇంట్లోనే ఉన్నాయి.

ముందుగా నేర్చుకోవలసినవి

1. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: దుకాణం పేరు, చిరునామా, పనివేళలు, ఫోను నంబరు, ఫోటోలు గూగుల్ మ్యాప్స్‌లో కనిపించేలా చేసే ఉచిత సౌకర్యం ఇది. కొత్త ఖాతాదారుకు మొదట చేయవలసిన పని ఇదే. 'దగ్గరలో టైలర్' అని వెతికేవాడు నిజంగా కుట్టించుకోవాలనే వెతుకుతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినట్టు ఏదైనా ఆపద వచ్చినప్పుడు దుకాణం మూసి ఉందా, మళ్లీ తెరిచారా అని తెలిపేందుకూ ఇది ఉపయోగపడుతుంది.

2. వాట్సాప్ బిజినెస్: ఇందులో సరుకుల జాబితాను ధరలతో పెట్టుకోవచ్చు. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, దుకాణం నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి ముందుగా నంబరు దాచుకోమని కొనుగోలుదారులను అడగాలి. ఎక్కడో దొరికిన నంబర్లన్నిటికీ సందేశాలు గుప్పిస్తే ఖాతానే నిలిపివేస్తారు.

3. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్: రెండూ మెటా సంస్థవే. రెంటినీ ఒకే చోట నుంచి నడపడానికి మెటా బిజినెస్ సూట్ ఉంది. బిజినెస్ ఖాతాలో సినిమా పాటలన్నీ వాడుకోవడానికి కుదరదు, కాపీరైట్ అడ్డొస్తుంది. దుకాణంలోని సహజమైన శబ్దం, యజమాని మాట వాడితే ఆ ఇబ్బంది ఉండదు.

4. తెలుగు రాయడం: మన బలం ఇదే. హాస్టల్ గోడపత్రికకు రాసిన చేయి ఇక్కడా పనికొస్తుంది. జీబోర్డ్ ఉంటే ఫోనులో తెలుగు టైపు చేయడం సులభం. ధర, చోటు, వేళ, ఫోను నంబరు నాలుగూ తప్పుల్లేకుండా రాయండి. 'ధర కోసం మెసేజ్ చేయండి' అని దాచిపెడితే సగం మంది అడగకుండానే వెళ్లిపోతారు.

5. ఫోటో: పెద్ద కెమెరా అక్కర్లేదు. పగటి వెలుతురు వచ్చే గుమ్మం దగ్గర సరుకు పెట్టి, లెన్సును శుభ్రంగా తుడిచి తీస్తే మామూలు ఫోనే చాలు. అక్షరాలు అమర్చడానికి కాన్వా ఉచిత భాగం సరిపోతుంది.

ఇవి నేర్పడానికి మెటా బ్లూప్రింట్, గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీలలో ఉచిత పాఠాలున్నాయి. అవి ఉండగా 'నెలకు లక్ష గ్యారంటీ' అని బోర్డు పెట్టినచోట స్కాలర్‌షిప్పు డబ్బు పోయకండి.

డెల్టా క్యాలెండరు

ఇక్కడి వ్యాపారం పంటతో, పండుగతో నడుస్తుంది. ఇది తెలిసినవాడు ప్రచారం సగం నేర్చినట్టే. జూన్‌లో బడులు తెరుస్తారు. పుస్తకాలు, సంచులు, యూనిఫాం కుట్టు పని. ఆషాఢంలో బట్టల తగ్గింపు అమ్మకాలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, చీరలు, నగలు. దసరాకు ఇంద్రకీలాద్రి మీదికి జనం పోటెత్తుతారు. హోటళ్లు, లాడ్జీలు, మిఠాయిలు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలై ధాన్యం డబ్బు ఊళ్లలోకి వస్తుంది. క్రిస్మస్, సంక్రాంతి కొనుగోళ్లు దానికి తోడవుతాయి. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలు. వేసవిలో మామిడి, ఆవకాయ. పండుగ రోజున పోస్టు పెడితే అది శుభాకాంక్షే అవుతుంది. అమ్మకం కావాలంటే రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి.

మొదటి ఖాతాదారు ఎలా దొరుకుతాడు?

దుకాణం మెట్లెక్కగానే మనకు ఎదురయ్యే ప్రశ్న పని గురించి కాదు. 'ఎవరబ్బాయివి? ఏ ఊరు? ఎవరి తాలూకు?' అని అడుగుతారు. వ్యాపార కుటుంబం పిల్లలకు బాబాయో మామయ్యో పరిచయం చేసిపెడతాడు. మనకు ఆ దారి లేదు. హాస్టల్ పేరు చెప్పగానే ముఖం మారినచోట్లూ మేము చూశాం. హాస్టల్ పేరు దాచనక్కర్లేదు, వాదించనూ అక్కర్లేదు. మన పని ముందుపెట్టాలి.

అందుకు ఒక పద్ధతి చెబుతాం. ఆ దుకాణంలో ముందు చిన్న వస్తువేదైనా కొనండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ దుకాణం కనిపిస్తోందా, నంబరు సరైనదేనా, వేళలు ఉన్నాయా చూడండి. లోపాలు ఒక కాగితం మీద రాసుకొని, యజమానికి తీరిక ఉండే వేళలో, అంటే టిఫిన్ సెంటరైతే ఉదయం పదకొండు తర్వాత వెళ్లండి. 'అన్నగారూ, మీ దుకాణం ఫోనులో వెతికితే పాత నంబరు చూపిస్తోంది. సరిచేసి చూపించమంటారా?' అని అడగండి. పెద్దవారైతే 'బాబాయి గారూ', 'అమ్మా' అని సంబోధించండి. డబ్బు మాట తర్వాత. ఆ ఒక్క మార్పు కళ్ల ముందు జరిగితే తర్వాతి మాట వాళ్లే ఎత్తుతారు. పదిచోట్ల అడిగితే ఒకచోట అవునంటారు. ఆ ఒకచోట పని బాగుంటే పక్క దుకాణానికి మన పేరు వాళ్లే చెబుతారు. మనకు లేని బాబాయి అలా దొరుకుతాడు.

రుసుము లెక్క

మాటవరసకు ఒక దుకాణానికి నెలకు 12 ఫోటో పోస్టులు, 4 వీడియోలు ఒప్పుకొన్నారనుకుందాం. పోస్టుకు గంట చొప్పున 12 గంటలు. వీడియోకు మూడు గంటల చొప్పున 12 గంటలు. వారానికోసారి దుకాణానికి వెళ్లిరావడానికి 4 గంటలు. రోజూ 20 నిమిషాలు జవాబులకు పోతే నెలకు 10 గంటలు. నెలాఖరు లెక్కకు 2 గంటలు. మొత్తం 40 గంటలు. రుసుము రూ.4,000 అనుకుంటే, బస్సు ఛార్జీలు, డేటా రూ.400 పోగా రూ.3,600 మిగులుతుంది. అంటే గంటకు రూ.90. యజమాని రూ.2,000 మాత్రమే ఇస్తానంటే గంటకు రూ.40 కూడా దాటదన్నమాట. అలాంటప్పుడు అదే పనిని సగం ధరకు చేయకండి. పనినే సగానికి తగ్గించి చెప్పండి. 'ఆరు పోస్టులు, రెండు వీడియోలు ఇస్తాను బాబాయి గారూ' అంటే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

ప్రకటన ఖర్చు రుసుములో కలపకూడదు. దాన్ని యజమాని కార్డు నుంచే నేరుగా కట్టించాలి. లెక్క ఇలా చూపించాలి: ప్రకటనకు రూ.1,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ.1,180. దాన్ని చూసి 40 మంది ఫోను చేశారు, 8 మంది కొన్నారు, సగటు బిల్లు రూ.1,200 అనుకుందాం. అమ్మకం రూ.9,600. అందులో లాభం నాలుగో వంతు అయితే రూ.2,400. ప్రకటన ఖర్చు తీసేస్తే మిగిలేది రూ.1,220. యజమానికి అర్థమయ్యే భాష ఇదే. 'అయిదు వేల లైకులు వచ్చాయి' అంటే గల్లాపెట్టెలో ఏమీ పడదు. అందుకే ఫోను చేసిన ప్రతివారినీ 'ఎక్కడ చూశారండీ?' అని అడిగి పుస్తకంలో గీత గీయమని దుకాణంలో చెప్పిపెట్టండి.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి

మాకు ఎదురైన సంగతి ఒకటి చెప్పాలి. ఒకచోట రెండు నెలలు పని చేయించుకొని, 'ఫోనులో బొమ్మలు పెట్టడానికి కూడా డబ్బులేంటి?' అని ఆపేశారు. ఆ నెల మెస్ ఖర్చుకు ఇంటి మీదే ఆధారపడవలసి వచ్చింది. మనలాంటివాళ్లకు రెండు నెలల కూలి పోవడం చిన్న విషయం కాదు. అందుకని ఒక పేజీ కాగితం మీద ఇవి రాసుకొని, ఇద్దరూ సంతకం చేసి, చెరొక ప్రతి ఉంచుకోండి.

అ) నెలకు ఎన్ని పోస్టులు, ఎన్ని వీడియోలు.
ఆ) రుసుము ఎంత, సగం నెల మొదట్లో, సగం నెలాఖరున.
ఇ) ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతాం (రెండుసార్లు చాలు).
ఈ) మానుకోవాలంటే ఎవరైనా 15 రోజుల ముందు చెప్పాలి.
ఉ) ఖాతాలన్నీ యజమాని పేరుతోనే ఉంటాయి, మనకు నిర్వహణ అనుమతి మాత్రమే.

చివరిది చాలా ముఖ్యం. యజమాని పాస్‌వర్డు, ఓటీపీ ఎప్పుడూ అడగకండి. ఫేస్‌బుక్ పేజీకి, గూగుల్ ప్రొఫైల్‌కు మేనేజరుగా అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది. పేదింటి పిల్లల మీద అనుమానం త్వరగా వస్తుంది. ఆ అవకాశమే ఇవ్వకూడదు. చెల్లింపులు యూపీఐ ద్వారా తీసుకుంటే ఆధారం ఉంటుంది. సేవల ఆదాయం ఏడాదికి రూ.20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. అయినా రాబడి, ఖర్చు మొదటి రోజు నుంచే నోటుబుక్కులో రాయండి.

చేయకూడని పనులు

డబ్బు ఇస్తామన్నంత మాత్రాన ప్రతి ప్రచారమూ ఒప్పుకోకూడదు. షుగరు, క్యాన్సరు పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి రూ.10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఆహార పదార్థాలు అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో అడగండి. బెట్టింగ్ యాప్‌లు, అప్పుల యాప్‌ల జోలికి వెళ్లవద్దు. వాటిలో మునిగేది మన పేటల్లోని పిల్లలే. డబ్బిచ్చి దొంగ రివ్యూలు రాయించవద్దు. గూగుల్ వాటిని తీసేస్తుంది, దుకాణం పేరూ పోతుంది. ఒకే వీధిలో పోటీపడే ఇద్దరికి ఒకేసారి పని చేయవద్దు.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ పనికి వేరే సిమ్ము పెట్టుకోండి. కొత్తచోటికి ఇద్దరుగా, పగటివేళ వెళ్లండి. రాత్రి ఎనిమిది తర్వాత సందేశాలకు జవాబు ఉండదని మొదటే చెప్పండి. ఆ మాట నచ్చని దుకాణం మనకు అక్కర్లేదు.

చదువా, పనా?

ఇంట్లో 'ఉద్యోగం ఎప్పుడమ్మా?' అని అడుగుతూనే ఉంటారు. ఈ పనిని వాళ్లు ఉద్యోగంగా గుర్తించరు. వాళ్ల భయంలో న్యాయముంది. ఇందులో పీఎఫ్ లేదు, సెలవు జీతం లేదు, ఒక ఖాతాదారు పోతే ఆ నెల రాబడి పోతుంది. కాబట్టి చదువుకునేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఖాతాదారులకు మించి తీసుకోకండి. రోజుకు రెండు గంటలు, అదీ స్టడీ అవర్ అయ్యాకే. పరీక్షల నెలకు కావలసిన పోస్టులు ముందే తయారుచేసి వేళ నిర్ణయించి పెట్టవచ్చు. మెటా బిజినెస్ సూట్‌లో ఆ సౌకర్యం ఉంది. వచ్చినదాంట్లో కొంత విడిగా దాచి, మూడు నెలల ఖర్చు చేతిలో ఉండేటట్లు చూసుకోండి. గ్రూప్స్, డీఎస్సీ లక్ష్యం ఉన్నవాళ్లు దాన్ని వదలొద్దు. ఈ పని దారిఖర్చుగా ఉండవచ్చు. ఇష్టం కుదిరినవాళ్లకు ఇదే గమ్యమూ కావచ్చు.

అభ్యాసం: ముప్పై రోజుల్లో చేసి చూడండి

1వ వారం: మీ వీధిలోని పది దుకాణాలు గూగుల్ మ్యాప్స్‌లో ఎలా ఉన్నాయో పట్టిక వేయండి.
2వ వారం: మీ ఊరి చేతిపని ఒకటి తీసుకొని, అనుమతి అడిగి, ముప్పై సెకన్ల వీడియోలు మూడు తీయండి.
3వ వారం: ఒక దుకాణానికి సంబంధించి నెలరోజుల పోస్టుల ప్రణాళికను పండుగలతో సహా కాగితం మీద రాయండి.
4వ వారం: ఆ కాగితం, ఆ వీడియోలు పట్టుకొని పది దుకాణాల మెట్లెక్కండి. ఎవరేమన్నారో రాసుకోండి.

వచ్చే ఆదివారాల్లో మేము హాస్టల్‌కు వస్తాం. మీ పట్టికలు, వీడియోలు తెచ్చి చూపించండి. ఒప్పంద కాగితం నమూనా వార్డెన్ గారి దగ్గర ఉంచుతున్నాం, ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు. వివిధ ఊళ్లలో స్థిరపడిన అన్నలను, అక్కలను ఒక్కటే కోరుతున్నాం. మీకు తెలిసిన దుకాణం ఏదైనా ఉంటే ఈ పిల్లల్లో ఒకరిని తీసుకెళ్లి 'మా హాస్టల్ కుర్రాడండీ, మా చెల్లెలండీ' అని పరిచయం చేయండి. తాలూకు ఎవరని అడిగే ఊళ్లో మనకు మనమే తాలూకు.